పగుళ్లను చదివిన డబ్లిన్ వాసి

1858 ఫిబ్రవరి. దక్షిణ ఇటలీ కొండల్లో చలి ఇంకా తగ్గలేదు. అంతకు రెండు నెలల ముందు, 1857 డిసెంబరు 16 రాత్రి, నేపుల్స్ రాజ్యాన్ని ఒక పెను భూకంపం కుదిపివేసింది. పదివేల మందికి పైగా మరణించారని అంచనా. పొల్లా, మొంతెముర్రో, సపొనారా వంటి ఊళ్లు రాళ్లగుట్టలయ్యాయి. బతికి బయటపడినవారు గుడారాల్లోనూ గడ్డి పాకల్లోనూ తలదాచుకుంటున్న ఆ సమయంలో, ఐర్లండు నుంచి వచ్చిన ఒక నడివయసు మనిషి దిక్సూచి, కొలబద్ద చేతపట్టుకొని ఊరూరా తిరిగాడు. కూలిపోయిన ఇళ్లకన్నా సగం నిలిచిన గోడలే అతన్ని ఎక్కువగా ఆకర్షించాయి. ప్రతి గోడ ముందూ ఆగి, దానిలోని పగులు ఏ దిక్కుకు సాగింది, నిట్టనిలువు నుంచి ఎంత వాలింది, ఎంత వెడల్పున నోరు తెరిచింది అని కొలిచి రాసుకున్నాడు. దేవుని గుడిలో దీపస్తంభం ఎటు పడిందో, గోపురం మీది రాతి గోళం ఎంత దూరాన దొర్లిందో కూడా అతనికి కావలసివచ్చింది.

అతని పేరు రాబర్ట్ మాలెట్. వృత్తిరీత్యా భూగర్భ శాస్త్రవేత్త కాడు; డబ్లిన్‌లో ఇనుప కార్ఖానా నడిపే ఇంజనీరు. లండన్‌లోని రాయల్ సొసైటీ ఇచ్చిన 150 పౌన్ల సహాయంతో ఆ ప్రయాణం చేశాడు. దాని ఫలితంగా 1862లో రెండు పెద్ద సంపుటాల గ్రంథం వెలువడింది. ‘1857 నాటి మహా నేపుల్స్ భూకంపం’ అని దాని పేరు. భూకంప విజ్ఞానానికి ఇంగ్లీషులో నేడు వాడుకలో ఉన్న ‘సీస్మాలజీ’ అనే పేరును పెట్టిన ఘనత కూడా అతనిదే. కాబట్టి ఆ పుస్తకాన్ని భూమి చరిత్రకు సంబంధించిన గ్రంథంగానే ఇంతకాలం చదివారు. కానీ ఆ పుటలను మరొక దృష్టితో చూస్తే అవి కట్టడాల రోగనిర్ణయ శాస్త్రానికి తొలి పాఠాలుగా కనిపిస్తాయి. గాయాన్ని చూసి దెబ్బ ఎటు నుంచి తగిలిందో చెప్పడం వైద్యులకు తెలిసిన విద్యే. దాన్ని గోడకు అన్వయించి, ఒక పద్ధతిగా మలచి, కొలతలతో గ్రంథస్థం చేసినవాడు మాలెట్.

అతను 1810 జూన్ 3న డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి జాన్ మాలెట్‌ది ఇనుము పోతపోసే వ్యాపారం. కుమారుడు ట్రినిటీ కళాశాలలో చదివి, తండ్రి కార్ఖానాలో చేరి, దానిని దేశంలోని ప్రముఖ కార్ఖానాలలో ఒకటిగా పెంచాడు. ఐర్లండు నైరుతి కొసన సముద్రం మధ్య నిలిచిన ఫాస్ట్‌నెట్ రాతిమీద కట్టిన మొదటి దీపస్తంభపు ఇనుప భాగాలు పోతపోసినది అక్కడే. ఆ కాలానికి ఇనుము కొత్త యుగపు లోహం. వంతెనలు, రైలు పట్టాలు, ఓడలు, ఫిరంగులు అన్నీ దానితోనే తయారవుతున్నాయి. అది ఎంత బరువు మోస్తుందో తెలుసుకోవాలని అందరూ తొందరపడుతుండగా, అది ఎలా చెడుతుందో తెలుసుకోవాలని మాలెట్ కూర్చున్నాడు. 1838 నుంచి కొన్నేళ్లపాటు ఇనుప ముక్కలను ఉప్పునీటిలోనూ నదీజలాల్లోనూ ముంచి ఉంచి, అవి ఎంత వేగంగా తుప్పుపడుతున్నాయో తూచి, బ్రిటిష్ అసోసియేషన్‌కు వరసగా నివేదికలు సమర్పించాడు. 1856లో ఫిరంగుల నిర్మాణం మీద రాసిన గ్రంథంలో మరొక సూక్ష్మమైన సంగతి చెప్పాడు. కరిగిన లోహం చల్లబడేటప్పుడు దాని స్ఫటికాలు ఉపరితలానికి లంబంగా పేరుకుంటాయి. పోతలో పదునైన మూల ఉన్నచోట రెండు వైపుల నుంచి వచ్చిన స్ఫటికాలు కలిసి ఒక బలహీనపు తలాన్ని ఏర్పరుస్తాయి. పగులు అక్కడే మొదలవుతుంది. పైకి నున్నగా మెరిసే వస్తువులో చావు ఎక్కడ పొంచి ఉంటుందో ఆ మాటతో తెలిసింది.

భూకంపాల వైపు అతని మనసు మళ్లడానికి కారణం కూడా ఒక కట్టడపు గాయమే. ఇటలీలోని కలబ్రియా ప్రాంతంలో 1783 నాటి భూకంపానికి రెండు రాతి స్తంభాల రాళ్లు తమ పీఠం మీదే మెలితిరిగిన చిత్రాన్ని అతను ఒక పుస్తకంలో చూశాడు. భూమి సుడి తిరిగినందువల్లే అలా జరిగిందని అప్పటి పండితుల అభిప్రాయం. అక్కర లేదు, రాయి గరిమనాభికీ అది పీఠాన్ని అంటుకున్న బిందువుకూ ఎడమున్నప్పుడు సూటిగా వచ్చిన కుదుపే దానిని తిప్పగలదు అని మాలెట్ గ్రహించాడు. ఆ ఆలోచనను విస్తరించి 1846 ఫిబ్రవరి 9న రాయల్ ఐరిష్ అకాడమీలో ఒక పత్రం చదివాడు. భూకంపమంటే భూమి గుండా సాగే ఒక తరంగమనీ, దానికి గమనదిశ, వేగం, ఆరంభస్థానం ఉంటాయనీ అందులో ప్రతిపాదించాడు.

తరంగమైతే వేగం కొలవాలి. ఐర్లండులో భూకంపాలు అరుదు. కనుక అతను కృత్రిమంగా పుట్టించాడు. 1849లో డబ్లిన్‌కు దక్షిణాన ఉన్న కిలైనీ సముద్రతీరంలో ఇసుకలో తుపాకిమందు పాతిపెట్టి పేల్చాడు. దూరాన ఒక పళ్లెంలో పోసిన పాదరసపు ఉపరితలం వణికిన క్షణాన్ని కనిపెట్టి, మధ్య గడిచిన కాలాన్ని లెక్కించాడు. తడి ఇసుకలో వేగం సెకనుకు 825 అడుగులని తేలింది. దగ్గరలోని డాల్కీ దీవి గ్రానైటు రాతిలో దానికి రెట్టింపు వరకు వచ్చింది. నిజానికి అతను ఊహించిన వేగం అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పాదరసపు సాధనం తొలి సన్నని కదలికను పట్టలేకపోయిందని నేటివారు అంటారు. మాలెట్ మాత్రం మరొక కారణం చెప్పాడు. ప్రయోగశాలలోని రాతిముక్క వేరు, కొండలోని రాయి వేరు. కొండ నిండా నెర్రెలూ అతుకులూ ఉంటాయి. ప్రతి నెర్ర దగ్గరా తరంగం తడబడుతుంది అన్నాడు. అంకెల విషయంలో అతను కొంత పొరబడి ఉండవచ్చు. కానీ పగులున్న పదార్థంలో తరంగం నెమ్మదిస్తుందన్న సూత్రం సరైనదే. ఈనాడు కాంక్రీటు స్తంభానికి ఒకవైపు నుంచి అతిధ్వనిని పంపి, రెండో వైపుకు అది చేరే కాలాన్ని బట్టి లోపలి లోపాన్ని పసిగట్టే పరీక్షకు ఆధారం ఆ సూత్రమే.

ఆ రోజుల డబ్లిన్‌లో లోపలి సంగతిని బయటి నుంచి వినే ప్రయత్నం మరొక వీధిలోనూ సాగుతోంది. 1825లో విలియం స్టోక్స్ అనే ఇరవై ఏళ్లు దాటని, లేక అప్పుడే దాటిన వైద్య విద్యార్థి ఎడిన్‌బరోలో చదువుతుండగానే స్టెతస్కోపు వాడకంపై ఇంగ్లీషులో ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. తర్వాత డబ్లిన్‌లోని మీథ్ ఆసుపత్రిలో చేరి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులకు ప్రసిద్ధుడయ్యాడు. రెండు చెవులకూ తగిలించుకొనే స్టెతస్కోపును 1851 నాటి లండన్ ప్రదర్శనలో ఉంచిన ఆర్థర్ లియర్డ్ కూడా ఐర్లండు వైద్యుడే. అంతకు ముందు 1761లో, ఛాతీని వేళ్లతో తట్టి లోపల నీరు చేరిందో లేదో చెప్పే పద్ధతిని ప్రకటించిన ఔఎన్‌బ్రుగ్గర్ ఆస్ట్రియాలో ఒక సత్రం యజమాని కొడుకు. పీపాను తట్టి అందులో సారా ఎంతవరకు ఉందో చూడటం ఆ ఇంటివారికి నిత్యకృత్యం. సంతలో కుండను వేలితో కొట్టి, గణగణమంటే బేరమాడి, బద్దగా మోగితే పక్కన పెట్టే తెలుగు ఇల్లాలికి ఇందులో కొత్తేమీ లేదు. స్టేషనులో ఆగిన రైలు చక్రాలను పొడవాటి సుత్తితో మోగిస్తూ నడిచిన రైల్వే కార్మికుడిదీ ఆ విద్యే. వైద్యమూ ఇంజనీరింగూ ఈ విషయంలో ఒకే తల్లి బిడ్డలు.

స్టోక్స్ అనే ఇంటిపేరు ఈ కథలో మరొకసారి వస్తుంది. 1819లో స్లైగో జిల్లా స్క్రీన్ గ్రామంలో ఒక మతాచార్యుని ఇంట పుట్టి, కేంబ్రిడ్జిలో ఆచార్యుడైన జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ గణితవేత్తగా లోకప్రసిద్ధుడు. అతన్ని వంతెనల వైపు నడిపించినది ఒక దుర్ఘటన. 1847 మే 24న ఇంగ్లండులోని చెస్టర్ దగ్గర డీ నది మీది రైలు వంతెనలో పోత ఇనుప దూలం విరిగి ఐదుగురు చనిపోయారు. ఆ వంతెన రాబర్ట్ స్టీఫెన్‌సన్ రూపొందించినది. అంత పేరున్న ఇంజనీరు కట్టినదే విరిగితే ఇక దేన్ని నమ్మాలన్న భయం దేశమంతా పాకింది. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం కోసం రాబర్ట్ విల్లిస్ చేసిన ప్రయోగాల్లో విచిత్రమైన విషయం బయటపడింది. దూలం మీద నిలిపి ఉంచిన బరువుకన్నా, ఆ బరువే వేగంగా దొర్లుతూ వెళ్లినప్పుడు దూలం ఎక్కువగా వంగుతోంది. దీనికి గణిత సమీకరణాన్ని 1849లో సాధించినవాడు జార్జ్ గేబ్రియల్ స్టోక్స్. కదిలే బరువు కింద వంతెన ఎలా వంగుతుంది, ఎలా ఊగుతుంది అనే ప్రశ్నకు అది తొలి సమాధానాలలో ఒకటి.

మాలెట్ ఇటలీ గ్రంథానికి తిరిగి వస్తే, అతని పద్ధతి సరళమైనది. కుదుపు ఒక దిక్కు నుంచి వచ్చి గోడను తాకినప్పుడు, పగులు ఆ దిక్కుకు అడ్డంగా ఏర్పడుతుంది. కుదుపు కింది నుంచి ఏటవాలుగా వస్తే పగులు కూడా నిలువు నుంచి ఆ మేరకు వాలుతుంది. వందలాది గోడల మీద ఇలా కొలిచి, ప్రతిచోటి నుంచి ఒక రేఖను పటం మీద వెనక్కి గీస్తే, అవి కలిసే ప్రాంతం భూకంపం పుట్టినచోటు. వాలును బట్టి లోతు తెలుస్తుంది. ఆ లెక్కన అది సుమారు 10 కిలోమీటర్ల లోతున పుట్టిందని అతను తేల్చాడు. శిథిలాలను ఛాయాచిత్రాలుగా తీయించి, వందకు పైగా చిత్రాలను సాక్ష్యంగా భద్రపరచడం మరొక విశేషం. ఒక విపత్తును శాస్త్రీయ అవసరం కోసం అంత విస్తృతంగా ఫోటోలు తీయించిన సందర్భాలు అంతకు ముందు అరుదు.

లోపాలు లేవని కాదు. భూకంపం ఒకే బిందువు దగ్గర పుట్టిందని అతను భావించాడు. పొడవాటి భ్రంశం వెంట నేల జారడం అతని ఊహకు అందలేదు. కుదుపు తరంగంలో ఒక్క రకాన్నే లెక్కలోకి తీసుకున్నాడు. రెండు రకాల తరంగాలు విడివిడిగా చేరుతాయని నమోదులలో గుర్తించినది 1897 అస్సాం భూకంపాన్ని పరిశీలించిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. అతనూ డబ్లిన్‌లో పుట్టినవాడే. భారత భూగర్భ సర్వే ఉద్యోగి. మాలెట్ కుమారుల్లో ఒకడైన ఫ్రెడరిక్ కూడా అదే సర్వేలో పనిచేశాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొని, సింగరేణి చరిత్రకు నాంది పలికిన విలియం కింగ్ కూడా గాల్వే కళాశాల ఆచార్యుని కొడుకు. రాళ్లను చదివే ఆ ఐరిష్ బృందం అడుగుజాడలు తెలుగు నేల మీద కూడా ఉన్నాయి.

మాలెట్ పద్ధతికి ఉన్న అసలు పరిమితి మరొకటి. పగులు దెబ్బ గురించి మాత్రమే చెప్పదు. దెబ్బ తిన్న గోడ గురించి కూడా చెబుతుంది. ఆ కొండ ఊళ్లలో పేదవాళ్ల గోడలు గుండ్రని రాళ్లను నాసిరకం సున్నంతో పేర్చినవి. అవి ఏ కుదుపుకైనా కూలేవే. ఏది దెబ్బ తీవ్రత, ఏది దేహపు బలహీనత అని విడదీయడం అంత సులభం కాదు. మాలెట్‌కు ఇది తెలుసు. అందుకే ప్రతిచోటా గోడ కట్టిన తీరును విడిగా వర్ణించాడు. నూటయాభై ఏళ్ల తర్వాత, అధునాతన సాధనాలున్న కాలంలో, అతని సొంత నగరానికి కూతవేటు దూరంలోనే ఈ చిక్కుముడి మళ్లీ ఎదురైంది.

డబ్లిన్‌కు ఉత్తరాన మాలహైడ్ దగ్గర బ్రాడ్‌మెడో నది సముద్రంలో కలిసేచోట ఒక రైలు వారధి ఉంది. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్లే ప్రధాన మార్గం దాని మీదుగానే పోతుంది. 1844లో జాన్ మాక్‌నీల్ దీనిని కర్రతో కట్టించాడు. ట్రినిటీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగ్‌కు మొదటి ఆచార్యుడు ఆయనే. వారధి తెరిచిన కొద్దికాలానికే ఆటుపోట్ల ప్రవాహం స్తంభాల కింది నేలను కోసివేయడం మొదలుపెట్టింది. దానిని ఆపడానికి రాళ్లు పోశారు. పోసిన రాళ్లు కొట్టుకుపోతే మళ్లీ పోశారు. అలా పోయగా పోయగా నీటి అడుగున ఒక రాతి కట్ట ఏర్పడింది. 1860లో కర్ర తీసేసి, ఇనుప దూలాలు అమర్చినప్పుడు రాతి స్తంభాలను ఆ కట్ట మీదే నిలిపారు. 1960ల చివర ఇనుము స్థానంలో కాంక్రీటు దూలాలు వచ్చాయి. పైభాగం రెండుసార్లు కొత్తదైంది. పునాది మాత్రం నాటి రాళ్ల కుప్పే. దాని ప్రాణమంతా ఎప్పటికప్పుడు కొత్త రాళ్లు పోయడంలో ఉంది.

ఈ సంగతి తెలుగువారికి వివరించనక్కరలేదు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టింది కూడా ఇసుక మీదే. గట్టి రాతి పునాది దొరకని నదిలో ఆనకట్ట నిలవగలదని అతనికి నమ్మకం కలిగించినది కావేరి మీద చోళులు కట్టిన కల్లణై. ఇసుకలో రాళ్లు దిగబడతాయి, మళ్లీ పోయాలి, మళ్లీ దిగబడతాయి, చివరికి కుదురుకుంటాయి. ఆనకట్ట దిగువన పేర్చిన వదులు రాళ్లను వరద తర్వాత చూసి, పోయినమేర నింపడం ఆ కట్టడపు ఆయుష్షులో భాగం. ఇటువంటి నిర్మాణానికి పూర్తయిన రోజంటూ ఉండదు. కట్టడం ఒక పని కాదు, ఒక కాపురం. కృష్ణ మీద విజయవాడ దగ్గర కట్టిన ఆనకట్టకు 1952లో గండి పడి, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఆకస్మిక వరద రైలు వంతెనను కోసివేయగా డెల్టా పాసింజరు బోగీలు నీళ్లలో పడి వంద మందికి పైగా చనిపోయారు. రైలు కింద నేల ఉందా లేదా అన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఆ రాత్రి చెప్పింది.

మాలహైడ్‌లో ఆ ప్రశ్న 2009 ఆగస్టు 21 సాయంత్రం ఎదురైంది. బాల్‌బ్రిగన్ నుంచి డబ్లిన్ వస్తున్న 18:07 రైలు వారధిని దాటుతుండగా, పక్క పట్టాల కింది భాగం నీటిలోకి జారుతుండటం డ్రైవరు కంటపడింది. అతను వెంటనే సిగ్నల్ కేంద్రానికి తెలిపాడు. నిమిషాల్లో ఆ మార్గంలో రైళ్లన్నీ ఆగిపోయాయి. నాలుగో స్తంభం, దాని మీద ఆనుకున్న వారధి భాగాలు నదిలో కలిశాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అది డ్రైవరు చూపు చలవ, కొంత అదృష్టం.

రైల్వే ప్రమాదాల పరిశోధన సంస్థ మరుసటి ఏడాది వెలువరించిన నివేదికను మాలెట్ గ్రంథం పక్కన పెట్టి చదవాలి. రెండింటి ధోరణీ ఒకటే: దోషి కోసం వెతకకుండా, ఆనవాళ్లను వరసగా పేర్చి కారణం దగ్గరకు చేరడం. అందులో బయటపడిన సంగతులు కలవరపెట్టేవి. వారధికి నాలుగు రోజుల ముందు ఒక హెచ్చరిక అందింది. ఆ నదీముఖంలో పడవలు నడిపే సముద్ర స్కౌట్ల బృందానికి చెందిన ఒక వ్యక్తి, నీటి నడక మారిందని, వారధి దగ్గర ఏదో కోసుకుపోతోందని రైల్వేవారికి ఆగస్టు 17న తెలిపాడు. మరునాడే ఇంజనీరు వచ్చి చూశాడు. స్తంభాల రాతికట్టులో లోపమేమీ కనిపించలేదు. చూసినంత మేరకు ఆ మాట నిజమే. గాయం స్తంభంలో లేదు. స్తంభం నిలిచిన కట్టలో, నీటి అడుగున ఉంది. ఛాతీ నొప్పితో వచ్చినవాడి ఛాతీని శ్రద్ధగా పరీక్షించి, నొప్పికి మూలం మరొక అవయవంలో ఉండవచ్చన్న ఆలోచన రాకపోవడం వంటిదే ఇది. ఆ పొరపాటు ఏ వైద్యునికీ అపరిచితం కాదు.

అంతకు మూడేళ్ల ముందు, 2006లో, ఒక స్వతంత్ర పరిశీలన నాలుగో స్తంభం పాదం దగ్గర కోత మొదలైందని గుర్తించింది. దాని మీద చర్య తీసుకున్న జాడ లేదు. రాళ్లు పోసే పాత అలవాటు 1990లలోనే ఆగిపోయింది. ఎందుకు పోసేవారో తెలిసిన ఉద్యోగులు పదవీ విరమణ చేసి, బదిలీ అయి వెళ్లిపోయారు. వారితోపాటు ఆ జ్ఞానమూ వెళ్లిపోయింది. సంస్థ తన జ్ఞాపకాన్ని కోల్పోవడం ప్రమాదానికి దోహదం చేసిన కారణాల్లో ఒకటని నివేదిక స్పష్టంగా పేర్కొన్నది. 1840ల నాటి ఇంజనీర్లకు తెలిసిన రోగం 2009 నాటి వారికి తెలియకుండా పోయింది. కేసు షీటు పోయిన రోగి వంటిది ఆ వారధి. దానికి నూట అరవై ఐదేళ్లుగా ఒకే జబ్బు.

ఈ సంఘటన తర్వాత ఐర్లండులో కట్టడాల ఆరోగ్య పరిశోధనకు ప్రాధాన్యం మరింత పెరిగింది. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో యూజీన్ ఓబ్రయన్ బృందం వంతెన మీదుగా వెళ్లే వాహనాల బరువును వంతెన వంపును బట్టే లెక్కించే పద్ధతిని ఏళ్ల తరబడి అభివృద్ధి చేసింది. వంతెనకు ఏ సాధనమూ తగిలించకుండా, దాని మీదుగా నడిచే బండిలోనే సూక్ష్మ కంపనమాపకాలు పెట్టి వంతెన స్థితిని తెలుసుకోవాలన్న ప్రయత్నమూ అక్కడ సాగింది. రెండింటికీ మూలంలో ఉన్నది 1849 నాటి స్టోక్స్ ప్రశ్నే. అదే విశ్వవిద్యాలయంలో ల్యూక్ ప్రెండర్‌గాస్ట్, కెన్ గావిన్ తదితరులు మాలహైడ్ వంటి రోగాన్నే నేరుగా తీసుకున్నారు. స్తంభం చుట్టూ నేల కోసుకుపోతే దానికి పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే అది ఊగే తీరు మారుతుంది, నిమిషానికి ఊగే సంఖ్య తగ్గుతుంది. నీటిలోకి దిగకుండానే, పైన పెట్టిన చిన్న సాధనం ఆ మార్పును పట్టగలదని ప్రయోగాలతో చూపారు. 2013 జులైలో కట్టడాల నష్ట నిర్ధారణపై జరిగే అంతర్జాతీయ సదస్సు డబ్లిన్‌లోనే సమావేశమైంది.

ఆ విద్య ఇంకా పసితనంలోనే ఉందని అందులో పనిచేసేవారే ఒప్పుకుంటారు. సూత్రం సులభం: వస్తువు బిగువు సగానికి పడిపోతే దాని సహజ కంపన వేగం సుమారు 29 శాతం తగ్గుతుంది. కానీ బిగువు సగానికి పడేదాకా ఎవరు ఆగుతారు? తొలిదశ పగులు కలిగించే మార్పు ఒక శాతంలోపే ఉండవచ్చు. ఎండకూ చలికీ వంతెనలో కలిగే మార్పు అంతకన్నా ఎక్కువ. స్విట్జర్లాండులో జడ్24 అనే వంతెనను కూల్చే ముందు ఏడాదిపాటు పరిశీలించి, తర్వాత కావాలని కొద్దికొద్దిగా గాయపరిచి చూశారు. గడ్డకట్టే చలిలో దాని కంపనాలు మారిన తీరు చూస్తే, వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏ నిర్ణయమూ చేయరాదని తేలింది. నాడి వేగం పెరిగినంత మాత్రాన జ్వరమని చెప్పలేము. మెట్లెక్కి వచ్చాడేమో అడగాలి. అసలు చిక్కు సాధనం సున్నితత్వంలో కన్నా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ దేహం ఎలా ఉండేదో తెలిసి ఉండటంలో ఉంది. మళ్లీ మాట జ్ఞాపకం దగ్గరకే వస్తుంది.

గోడల రోగం ఐర్లండును మరొక రూపంలో ఇప్పటికీ పీడిస్తోంది. డబ్లిన్ చుట్టుపక్కల కొత్త ఇళ్ల నేల కింద పరిచిన కంకరలో పైరైటు అనే ఖనిజం గాలికీ తేమకూ ఉబ్బి, గచ్చును పైకి లేపి గోడలను చీల్చింది. వాయవ్యాన డోనెగాల్‌లో వేలాది ఇళ్ల ఇటుకలు చేత్తో నలిపితే రాలిపోయే స్థితికి వచ్చాయి. మొదట అభ్రకాన్ని తప్పుపట్టారు. ఇప్పటికీ జనం నోట ఆ వ్యాధి పేరు ‘మైకా’యే. 2023లో వెలువడిన ఒక పరిశోధన మాత్రం పిర్రోటైటు అనే ఇనుప గంధక ఖనిజమే ముఖ్య కారణమని చూపింది. రోగనిర్ణయం మారితే చికిత్స మారుతుంది: బయటి గోడ మాత్రం మార్చితే చాలునా, పునాది సహా ఇల్లంతా తీసివేయాలా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. అప్పు తీరని ఇంట్లో, పడకగది గోడ మీద వెడల్పవుతున్న గీతను ప్రతి ఉదయం చూస్తూ లేచే కుటుంబానికి ఇది పండితుల వాదం కాదు.

మాలెట్ 1860ల మొదట్లో డబ్లిన్ విడిచి లండన్‌లో స్థిరపడ్డాడు. జీవితపు చివరి సంవత్సరాలలో, సన్నని గీతలను అంగుళంలో ఎన్నో వంతు వరకు కొలిచిన ఆ కళ్లకు చూపు పోయింది. 1881 నవంబరు 5న మరణించాడు. అతని లెక్కల్లో చాలావాటిని తర్వాతివారు సరిదిద్దారు. అతని కొలతలను మాత్రం భూకంప పరిశోధకులు ఈనాటికీ తీసి వాడుకుంటున్నారు. ఎందుకంటే ఏ ఊళ్లో ఏ గోడ ఎలా చీలిందో అంత ఓపికగా రాసిపెట్టినవారు మరొకరు లేరు. సిద్ధాంతం పాతబడినా కేసు షీటు పాతబడలేదు.

ఆ రెండు సంపుటాలూ అంతర్జాలంలో ఉచితంగా లభిస్తాయి. అంత పెద్ద గ్రంథాన్ని పూర్తిగా చదివే ఓపిక అందరికీ ఉండదు. పొల్లా పట్టణాన్ని గురించిన భాగమూ, పద్ధతిని వివరించే తొలి అధ్యాయాలూ చదివితే చాలు. ఆ తర్వాత మాలహైడ్ నివేదికను చదవాలి, అది చిన్నదే. వారధి 2009 నవంబరు 16న మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్లేవారు దానిని నిమిషంలోపే దాటిపోతారు. కిటికీలోంచి చూస్తే రెండువైపులా నీళ్లు, పడవలు, కొంగలు కనిపిస్తాయి. పోటు తీసినప్పుడు రాతి కట్ట మీదుగా నీరు నురగలు కక్కుతూ సముద్రం వైపు దూకడం కూడా కనిపిస్తుంది. 1844లో పోసిన మొదటి రాయి ఆ కింద ఎక్కడో ఉంది.